వెనక నిలబడే మనిషి

మొన్న మధ్యాహ్నం స్టాఫ్ రూములో అన్నం డబ్బా మూత తీస్తూ మా సైన్సు టీచరమ్మ నన్నొక మాట అడిగింది. ఆమె కొత్త కారు కొనబోతోంది. "మీ కారులో ఉండాదంట కదక్కా, దానంతట అదే పార్కింగు చేసుకునేది. అది నిజంగా పనికొస్తాదా, ఉట్టి షోకేనా?" అంది. నేను నోట్లో ముద్ద పెట్టుకుని చాలాసేపు నమిలాను. పనికొస్తుందంటే సగం అబద్ధం, రాదంటే మిగతా సగం అబద్ధం. చివరికి "బెంగళూరుకు పోయే పని ఎక్కువుంటే తీసుకో" అని తప్పించుకున్నాను. అసలు జవాబు చెప్పాలంటే మా అన్న దగ్గర నుంచి మొదలుపెట్టాలి. అది మధ్యాహ్నం బెల్లు కొట్టేలోపు తెమిలే సంగతి కాదు.

మేముండేది కదిరిలో. జిల్లా పేరు మారినా మా నోటికి మాత్రం ఇంకా అనంతపురం జిల్లానే. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని, మా ఆయన జూనియర్ కాలేజీలో కామర్సు చెబుతాడు. ఆయనకు బండి నడపడం బాగానే వచ్చు, నిలపడమే రాదు. మా పాత కారుకు నాలుగు మూలలా ఆయన గీతలున్నాయి. అందుకే కొత్తది కొనేటప్పుడు, తనంతట తాను పార్కింగు చేసుకునే బండే కావాలని పట్టుబట్టాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. షోరూమ్ ఆయన మమ్మల్ని లోపల కూర్చోబెట్టి, బటన్ నొక్కి, స్టీరింగ్ మీద నుంచి చేతులు తీసెయ్యమన్నాడు. స్టీరింగ్ దానంతట అది గిర్రున తిరిగి, బండి వెనక్కి పోయి రెండు గీతల నడుమ చక్కగా నిలబడింది. "ఇంక వెనక నిలబడి రానీ రానీ అనే మనిషితో పని లేదు మేడమ్" అని ఆయన నా వైపు చూసి నవ్వాడు. మా ఆయన మురిసిపోయాడు. నాకు మాత్రం గుండెలో కలుక్కుమంది.

ఎందుకంటే నాకు వెనక నిలబడిన మనిషి మా అన్న.

అన్న నా తోడబుట్టినవాడు, నాకన్నా బాగా పెద్ద. మాది తనకల్లు దగ్గర పల్లె. వాన పడితే శెనక్కాయ, పడకపోతే మబ్బుల వైపు చూడడం, మా ఇంటి సేద్యం అంతే. దానితో పొద్దు గడవదని అన్న లారీలో క్లీనరుగా ఎక్కాడు. తర్వాత డ్రైవరై, మద్రాసుకూ బొంబాయికీ టమోటాలూ శెనక్కాయలూ తోలాడు. నన్ను చదివించింది ఆ స్టీరింగే. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో బస్సు పోని ఊళ్లో బడి ఇచ్చారు. "ఆటో కోసం ఎండలో దావలో నిలబడేదేమి? బండి నేర్చుకో" అని అన్న ఎక్కడి నుంచో ఒక పాత జీపు తెచ్చి, శెనక్కాయ చెట్లు పీకేసిన చేనిలోకి నన్ను తీసుకుపోయాడు.

ముందుకు నడపడం త్వరగానే వచ్చింది. వెనక్కి రావడమే నా ప్రాణం తీసింది. శెనక్కట్టె మోపులు రెండు అటొకటి ఇటొకటి వేసి, వాటి నడుమకు జీపును వెనక్కి తెచ్చి నిలపమనేవాడు. నేను మెడ తిప్పి చూసి, అద్దాలు చూసి, మళ్లీ మెడ తిప్పి, చివరికి ఏదో ఒక మోపు మీదికే ఎక్కించేదాన్ని. ఆ మోపులు తినాల్సిన ఎద్దులు గట్టు మీద నుంచి నన్నే చూస్తుండేవి. అన్న ఒక్కసారి కూడా కోప్పడలేదు. జీపు వెనక్కి పోయి, రేకు మీద అరచేత్తో తట్టేవాడు. తడుతూ ఉంటే రమ్మని, తట్టడం మానితే ఆగమని. లారీ క్లీనర్ల పద్ధతి అది. ఇంజను మోతలో ఎంత అరిచినా డ్రైవరుకు వినబడదు గానీ, రేకు మీద దెబ్బ మాత్రం సీటు దాకా వస్తుంది.

"మెడ తిప్పొద్దు మ్మే. ఎనక ఏముండాదో నేను చూస్తాండా కదా. నువ్వు చెవి ఇయ్యి, చాలు" అనేవాడు.

చెవి ఇవ్వడం నేర్చుకున్నాను. దాంతో భయం పోయింది. నాకు అన్నీ బాగా వచ్చేశాక కూడా, పెళ్లయి పిల్ల పుట్టాక కూడా, పుట్టింటికి పోయి తిరిగి బయలుదేరితే అన్న పనిమాలా లేచి వచ్చేవాడు. మా ఇంటి సందు ఇరుకు, చివర ఎద్దుల బండ్ల బాటే గానీ కారు పోయే దారి లేదు. వెనక్కే బయటికి రావాలి. సందు మొదలు దాకా బండితో పాటు నడుస్తూ, రేకు మీద తడుతూ, రోడ్డెక్కించి పంపేవాడు. నాకు అవసరం లేదని అన్నకూ తెలుసు. అయినా ఆ దెబ్బలు వినకుండా ఊరు దాటితే నాకు ఏదో మరిచిపోయి వచ్చినట్టుండేది.

ఇదంతా మూడేళ్ల కిందటి వరకు.

మా వైపు అన్నకు కొడుకూ చెల్లెలికి కూతురూ ఉన్నారంటే, వాళ్లు ఉయ్యాల్లో ఉండగానే పెళ్లి అయిపోయినట్టు లెక్క. అన్న కొడుకు నెమ్మదస్తుడు, బంగారం లాంటి పిల్లవాడు. నా కూతురు బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. ఒక పండగ పూట అన్న, వదిన పూలూ పండ్లూ తీసుకుని మా ఇంటికి వచ్చారు. అడగడానికి కాదు, మాట ఖాయం చేసుకుపోవడానికి. నా కూతురు వాళ్ల ముందరే కూర్చుని, "మామా, వాడూ నేనూ ఒక గిన్నెలో తిని పెరిగినాం. నాకు వాడు అన్న మాదిరి. ఇంగో మాదిరి చూడలేను, కోప్పడొద్దు" అంది. అంతటితో ఆగి ఉంటే ఎట్లుండేదో. మా ఆయన పక్క నుంచి అందుకుని, మేనరికాలు పిల్లలకు మంచివి కావని డాక్టర్లు చెబుతున్నారని ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఆ పూట ఆ డాక్టర్లను మా ఇంటికి పిలవకుండా ఉంటే ఏం పోయేదో ఈయనకు. అన్న లేచాడు. వదిన చేతిలో సగం తాగిన కాఫీ గ్లాసు కింద పెట్టించి, ఆమెను లేపుకుని వెళ్లిపోయాడు.

ఏడాది తిరక్కుండానే ఆ పిల్లవాడికి హిందూపురం వైపు మంచి సంబంధం కుదిరింది. మొగుడూ పెళ్లాలు చక్కగా కాపురం చేసుకుంటున్నారు. వాడు ఇప్పటికీ నాకు ఫోన్ చేసి "అత్తా, బాగుండావా?" అంటాడు. నా కూతురూ వాడూ పాతమాదిరే ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. పెళ్లి చేసుకోవాల్సిన ఇద్దరూ ఎప్పుడో మరిచిపోయారు. అన్న మాత్రం మరవలేదు. వాడి పెళ్లికి నేను పోతే, నా పక్క నుంచే నీళ్ల బిందె ఎత్తుకుని, పరాయి మనిషిని దాటిపోయినట్టు దాటిపోయాడు. మొండివాడు రాజు కన్నా బలవంతుడని ఊరికే అనలేదు.

తిట్టుకుని కొట్టుకుని విడిపోయినా అంత బాధ ఉండదు. మాటలు లేకపోవడం వేరే జాతి బాధ. ఏటా మృగశిర కార్తెకు అటూ ఇటూగా, మా చేనిలో వాన పడి విత్తనానికి సరిపడా పదునైన రోజున అన్న నాకు ఫోన్ చేసేవాడు. "మ్మే, ఈడ పదునైంది. రేపు విత్తనమేస్తాండాం. మీకాడ పడిందా?" అంతే, అంతకు మించి మాట్లాడేది లేదు. కదిరిలో చినుకు రాలకపోయినా సరే, ఆ ఫోన్ పెట్టేశాక సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వంటింట్లో అటూ ఇటూ తిరిగేదాన్ని. ఈ మూడేళ్లలో వాన పడిన ఏడు పడింది, ఎగ్గొట్టిన ఏడు ఎగ్గొట్టింది, ఫోన్ మాత్రం రాలేదు. అందరూ మబ్బుల వైపు చూస్తుంటే నేను ఫోన్ వైపు చూస్తూ కూర్చునేదాన్ని. నా పుట్టింటి చేలో వాన పడిన సంగతి పేపర్లో తనకల్లు మండలం వార్తల్లో చదివి తెలుసుకున్నాను. అది చదివిన రోజు బడికి సెలవు పెట్టి ఏడ్చాను.

అదిగో, అలాంటి రోజుల్లో వచ్చింది ఈ కొత్త కారు.

న్యాయం న్యాయంగా చెప్పాలి. బెంగళూరులో కూతురి దగ్గరికి పోయినప్పుడు ఆ బటన్ నిజంగా దేవుడే. అక్కడ నేల కింద మూడంతస్తుల లోతున బండ్లు పెట్టే చోట, స్తంభానికీ స్తంభానికీ నడుమ, వెనక నాలుగు కార్లు హారన్లు కొడుతుంటే, మా ఆయన చేతులకు చెమటలు పట్టేవి. ఇప్పుడు బటన్ నొక్కి, చేతులు ఒళ్లో పెట్టుకుని, పెళ్లిపీటల మీద పెళ్లికొడుకు మాదిరి బిగుసుకుని కూర్చుంటాడు. బండి తన పని తాను చూసుకుంటుంది. గీత తగలదు, గోడ తగలదు. ఆ సుఖాన్ని కాదనను.

కానీ రోజూ మనం తిరిగేది బెంగళూరులో కాదు కదా. కదిరిలో గీతలు ఎక్కడున్నాయి? బజారు వీధిలో బటన్ నొక్కితే తెర మీద 'స్థలం వెతుకుతున్నాను' అని వస్తుంది. అది మర్యాదగా వెతుకుతూ ఉండగానే ఆ స్థలంలోకి ఒక తోపుడుబండి, రెండు మోటారు సైకిళ్లు, ఒక ఎనుము వచ్చి సర్దుకుంటాయి. పల్లెదారిన పోతే ఇంకా తమాషా. రోడ్డు మీద ఉలవలు ఆరబోసి కుప్ప చేస్తే దాన్ని గోడ అనుకుని కదలనంటుంది. ఒకసారి గొర్రెల మంద చుట్టుముట్టితే నాలుగు వైపులా పీపీమని ఒకటే గోల. గొర్రెలాయన కిటికీలోంచి తొంగి చూసి, "ఏమక్కా, నీ బండి నా గొర్రెల కంటే ఎక్కువ అరుస్తాండాదే. దానికి గడ్డేమన్నా ఎయ్యాల్నా?" అన్నాడు. నాకు నవ్వాగలేదు. మా ఆయనకు మాత్రం చాలా అవమానమైంది.

ఇంకొకటుంది. మా వైపు బండి నిలపడమంటే గీత వెతకడం కాదు, నీడ వెతకడం. ఇప్పుడున్న నీడ కూడా కాదు, పని చూసుకుని వచ్చేసరికి ఎటు జరుగుతుందో ఆ నీడ. ఒకసారి అనంతపురంలో ఏదో ఆఫీసు పని మీద పోతే, అక్కడ శుభ్రంగా గీతలు గీసి ఉన్నాయి. బండి ముచ్చటగా వాటి నడుమ నిలబడింది. మిగతా కార్లన్నీ గీతలు వదిలేసి, దూరంగా వేపచెట్టు కింద ఒకదాని మీద ఒకటి పడ్డట్టు అడ్డదిడ్డంగా ఉన్నాయి. మేం పని ముగించుకుని వచ్చి తలుపు తీస్తే లోపల పెనం మీద కూర్చున్నట్టుంది. దుపట్టా కొంగు స్టీరింగ్‌కు చుట్టి నేను ఇంటిదాకా నడిపాను.

ఇవన్నీ పైపై ఫిర్యాదులు. అసలు బాధ ఏమిటంటే, ఆ యంత్రం సరిగ్గా పనిచేసినప్పుడే నాకు ఎక్కువ దిగులుగా ఉండేది. స్టీరింగ్ దానంతట అది తిరుగుతూ ఉంటే, నా చెవి మాత్రం వెనక రేకు మీద దెబ్బ కోసం ఆగి ఉండేది. బండి నిలబడేది. అద్దంలో చూస్తే వెనక ఎవరూ ఉండరు. మనిషి అక్కర్లేదని బండికి తెలుసు. నాకు అక్కర ఉందని నాకు తెలుసు.

ఈ ఏడు నా కూతురికి పెళ్లి కుదిరింది. పిల్లవాడు తనతో పనిచేసేవాడే. మడకశిర వాళ్లు, ఇంట్లో సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడతారు. మంచి మనుషులు. అంతా సంతోషమే గానీ నా కంటికి నిద్ర కరువైంది. పెళ్లిలో గౌరీపూజ అయ్యాక పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపంలోకి తేవాల్సింది మేనమామ. "దానిదేముంది, మీ చిన్నాన్న కొడుకులున్నారు కదా, ఎవరో ఒకరు ఎత్తుతారు" అన్నాడు మా ఆయన. వరసకు మేనమామలు మా చుట్టాల్లో దండిగా ఉన్నారు. నాకు వరసతో పని లేదు. మా అన్న కావాలి. నా కూతురు ఫోన్లో ఇంకా తెగేసి చెప్పింది. "మామ రాకుంటే నాకు గంప వద్దు మా. నేనే నడిచి వచ్చి కూర్చుంటా."

పెళ్లిపత్రికల్లో మొదటిది పుట్టింటికే ఇవ్వాలి. ఇద్దరం కలిసి పోవడం పద్ధతి. కానీ అన్నకు నా మీద ఉన్న కోపం కన్నా ఆ డాక్టర్ల మాట చెప్పిన మనిషి మీద కోపం ఎక్కువ. అందుకే ఈయన్ను ఇంట్లోనే ఉండమని, పసుపూ కుంకుమా పత్రికా పళ్లెంలో పెట్టుకుని నేనొక్కదాన్నే బయలుదేరాను. దారి పొడుగునా ఏమని మొదలుపెట్టాలా అని మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. ఊరి మలుపు తిరగ్గానే అవన్నీ మరిచిపోయాను.

సందులోకి తిప్పేసరికి వదిన పరిగెత్తుకుంటూ ఎదురొచ్చింది. నన్ను పట్టుకుని "వచ్చినావా మ్మా! అన్న రాల్యా?" అని మా ఆయన గురించి అడిగి, జవాబు తనకే తట్టి ఊరుకుంది. మా అన్న వసారాలో కూర్చుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తున్నాడు. తల ఎత్తలేదు. జుట్టు బాగా తెల్లబడింది. నేను చూడకుండానే మా అన్న ముసలివాడయ్యాడు.

"వచ్చినోళ్లకు మజ్జిగియ్యి" అన్నాడు, వదినతో.

మజ్జిగ తాగి, పళ్లెం ముందర పెట్టి, నేనూ వదినతోనే చెప్పాను. "పెండ్లి శ్రావణంలో పెట్టుకున్యాం వదినా. మొదటి పత్రిక ఈడికే తెచ్చినా. అన్న రావాల."

"ఆ గూట్లో పెట్టమను" అన్నాడు అన్న.

"గూట్లో పెట్టాల్నంట" అంది వదిన నాతో. నాకూ అన్నకూ నడుమ ఉన్నది ఒక శెనక్కాయల చేట. నాకు చెవుడు లేదు, అన్నకు చెవుడు లేదు. అయినా పాపం వదిన ఇటు మాట అటు, అటు మాట ఇటు మోస్తూనే ఉంది. పత్రిక గూట్లో పెట్టి వచ్చి నేనూ చేట దగ్గర కూర్చున్నాను. నాలుగు కాయలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టాను. చిన్నప్పుడు ఇట్లాగే, ఎండాకాలం సెలవులంతా వేళ్లు పొక్కేదాకా ఒకే చేటలో ఒలిచేవాళ్లం. ఇప్పుడు ఇద్దరి చేతులూ ఒకే చేటలోకి పోయి వస్తున్నాయి గానీ ఒకదానికొకటి తగలకుండా జాగ్రత్తపడుతున్నాయి. కాయలు టప్‌టప్‌మని పగులుతున్నాయి. అన్నా అని ఒక్కసారి పిలవాలని గొంతు దాకా వచ్చింది. పిలిస్తే లేచి పోతాడేమోనని భయం. కనీసం పక్కన కూర్చునే భాగ్యమన్నా పోతుందని నోరు మూసుకున్నాను.

ఎంతసేపని కూర్చుంటాను? చేటలో కాయలు అయిపోయాయి. "పోయొస్తా వదినా" అని లేచాను. వదిన కళ్లొత్తుకుంది. అన్న చేట ఎత్తి పొట్టు చెరగడం మొదలుపెట్టాడు.

బండెక్కి కూర్చుంటే ముందు దారి లేదు. ఒక పక్క ఎవరిదో ట్రాక్టరు ట్రాలీ, ఇంకో పక్క పశువుల నీళ్ల తొట్టి. కళ్లలో నీళ్లు, అద్దాలు సరిగా కనబడడం లేదు. నాకు నేనే దిక్కు అనుకుని ఆ బటన్ నొక్కాను. 'స్థలం కనబడలేదు' అని చెప్పి బండి చేతులెత్తేసింది. రివర్సు వేశాను. ట్రాలీ దగ్గరైందని ఒక కూత, తొట్టి దగ్గరైందని ఇంకో కూత. జానెడు పోయి ఆగాను, మళ్లీ జానెడు పోయి ఆగాను.

అప్పుడు వినబడింది. డిక్కీ మీద, అరచేత్తో, మెల్లగా, ఆగకుండా తట్టడం.

వెనక కెమెరా చూపించే తెర మీద అన్న పంచె, శెనక్కాయ దుమ్ము అంటిన చెయ్యి కనబడుతున్నాయి. ముఖం తెరలోకి రాలేదు. మాట్లాడనన్న పంతం పంతమే, చెల్లెలు బండి తొట్టికి కొట్టుకుంటుంటే చూస్తూ కూర్చోవడం మాత్రం అన్న వల్ల కాలేదు. నేను మెడ తిప్పలేదు. అద్దాలు చూడలేదు. చెవి ఇచ్చి, బ్రేకు మీద నుంచి కాలు తీశాను. బండి కదిలింది. కదిలినట్టే కదిలి దభీమని ఆగిపోయింది. నేను ఆపలేదు. తెరంతా ఎర్రగా వెలిగి, 'వెనక అడ్డం ఉంది' అని రాసింది.

ఆ అడ్డం మా అన్న. వెనక మనిషి కనబడితే ఈ బండి తనంతట తానే బ్రేకు వేసుకుంటుంది. చిన్నపిల్లలున్న ఇండ్లలో మంచి గుణమే. కానీ అన్నకు ఆ సంగతి ఏం తెలుసు? రమ్మని తట్టాడు, నేను రాలేదు. మళ్లీ తట్టాడు. బండి మళ్లీ ఎగిరి ఆగింది. మూడోసారి గట్టిగా తట్టాడు. నేను ఆ బ్రేకు మాన్పించే బటన్ ఎక్కడుందోనని వెతుకుతూనే ఉన్నాను. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు రెండు చేతులతోనూ డిక్కీని బాది, అన్న దబదబా నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"రా అంటే రావేమ్మే? ఎనక నేనుండా కదా! అంత నమ్మకం ల్యాకుండా పోయెనా నా మీద?"

మూడేళ్ల తర్వాత నాతో ఆడిన మొదటి మాట. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"నేను ఆపల్యా అన్నా. బండే ఆపుకుంటాండాది. ఎనక నువ్వుండావని."

"నేనుంటే ఏమంట దానికి?"

"నువ్వు అడ్డమంట."

అన్న ముఖం చిన్నబోయింది. తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నేనా? నీకు నేను అడ్డమా మ్మే?" అన్నాడు, గొంతు తగ్గించి.

"నాకు కాదన్నా, బండికి. దానికేం తెలుసు? నాకు నువ్వు కావాల." ఆ తర్వాత ఆపుకోలేకపోయాను. "తిట్టు, కొట్టు, ఏమన్నా చెయ్యి. మాట్లాడకుండా మాత్రం ఉండొద్దు. వాన పడినా నాకు చెప్పేవాళ్లు ల్యారు."

అన్న కిటికీ అంచు పట్టుకున్నాడు. వదిన వసారాలో స్తంభం చాటున కొంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది.

"పిల్ల అడిగినాదా నన్ను?" అన్నాడు.

"నువ్వు రాకుంటే గంపలో కూర్చోనంటాండాది. నడిచే వస్తాదంట."

"నడిచి వచ్చేకి దానికి మేనమామ ల్యాడా ఏమి!" అని కసిరాడు. తల పక్కకు తిప్పుకుని, భుజం మీది తువాలుతో ముఖం గట్టిగా తుడుచుకున్నాడు. "గంప మీరు కొనొద్దు. ఆ గంప మా ఇంటి నుంచి రావాల. నేను అల్లిస్తా, నేనే తెస్తా. మీ ఆయనకు చెప్పు." కాస్త ఆగి, "దిగు. పొయ్యి మీద సంగటి ఉండాది, తినిపోదువు" అన్నాడు.

బండిని ఉన్నపళంగా వదిలేసి దిగాను. సగం సందులో, వంకరగా, ఒక మూల ట్రాలీ వైపు, ఇంకో మూల తొట్టి వైపు. తాళంచెవి తీశానో లేదో కూడా చూసుకోలేదు. వదిన వేడి రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి, నెయ్యి వేసి పెట్టింది. అన్న నాకెదురుగా కూర్చుని పెండ్లికొడుకు ఎవరు, ఏం పని, బస్సు యాడ దిగాల అని ఒకటొకటే అడుగుతూ ఉంటే నేను తింటూ చెబుతూ ఉన్నాను. తింటున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియదు.

ఇంతలో బయట ఎద్దుల బండి ఆగిన చప్పుడైంది. ఎవరో గట్టిగా కేకేశారు.

"ఎవురిదప్పా ఈ కారు? దావకు అడ్డం పెట్టిపోయినారే! తీయండప్పా!"

నేను ఎంగిలి చేత్తోనే లేవబోయాను. అన్న కూర్చోమని చెయ్యి ఊపి, కూర్చున్నచోటి నుంచే బయటికి వినబడేట్టు అరిచాడు.

"మా చెల్లెలిది లే అప్పా. అది అన్నం తింటాండాది. ఉండనీ, నువ్వు ఆ పక్క దావన పో."